థెరపీ మొదలుపెట్టడం ఎలా: మొదటి ఫోన్ కాల్ నుంచి ఎనిమిదో సెషన్ దాకా

"డిప్రెషన్‌లా ఉంది, కౌన్సెలింగ్‌కి వెళ్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు." ఈ మాట నాకు నెలకు రెండు మూడుసార్లైనా వస్తుంది. అడిగేవాళ్లలో చాలామందికి థెరపీ అంటే మాటలతో చేసే చికిత్స అని తెలుసు. దారే తెలియదు. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఫోన్‌లో ఏం అడగాలి, ఎదురుగా కూర్చున్నాక నోరు ఎలా తెరవాలి, ఎన్నాళ్లు వెళ్లాలి?

నేను డాక్టర్‌ని కాను. రెండేళ్లు అవస్థ పడి, ఒక థెరపిస్ట్ దగ్గర మధ్యలో మానేసి, ఇంకొకరి దగ్గర కుదురుకున్న మనిషిని. తర్వాత కొందరు స్నేహితులకు తోడుగానూ వెళ్లాను. ఆ తిరుగుళ్లలో తెలుసుకున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు ఇది చూసుకోండి: ఆగే పరిస్థితేనా?

థెరపీ వారానికోసారి నడిచే పని. అపాయింట్‌మెంట్ దొరకడానికే కొన్ని రోజులు పట్టొచ్చు. కింది వాటిలో ఒక్కటి ఉన్నా అంతవరకు ఆగొద్దు.

☐ చనిపోవాలన్న ఆలోచన పదేపదే రావడం, ఎలా అన్నది కూడా మనసులో మెదలడం
☐ రెండు మూడు రోజులుగా తిండి, నిద్ర దాదాపు లేకపోవడం
☐ ఎవరూ లేనప్పుడు మాటలు వినిపించడం, ఎవరో వెంటపడుతున్నారన్న గట్టి అనుమానం
☐ మద్యం గానీ నిద్రమాత్ర గానీ లేనిదే రోజు గడవకపోవడం

టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఇది మానసిక ఇబ్బందుల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఫోన్ సేవ. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108 లేదా 112కి చేయండి, లేదంటే నేరుగా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లండి. ఇంట్లో పురుగుమందులు, మాత్రలు ఉంటే వాటిని నమ్మకమైన మనిషి చేతికి అప్పగించండి. ఆ రాత్రికి ఒంటరిగా ఉండకండి.

2. ఒంటి సంగతి తేల్చుకోండి

మనలో చాలామందికి మనసు బాధ ఒంటి బాధగానే బయటపడుతుంది. గుండె దడ, తల బరువు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, "గ్యాస్". నేను ఒకే ఏడాదిలో మూడు ఈసీజీలు తీయించుకున్నాను. మూడూ నార్మల్. మూడోసారి డాక్టర్ ఆ పొడుగాటి గళ్ల కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఎలా తగ్గించుకోవాలని అడగలేకపోయాను. బయటికొచ్చి కొబ్బరినీళ్లు తాగి ఆఫీసుకు వెళ్లిపోయాను.

థెరపీకి ముందు ఒకసారి ఫ్యామిలీ డాక్టర్‌ని కలిసి థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్ పరీక్షలు అవసరమా అని అడగండి. థైరాయిడ్ తగ్గితే నీరసం, దిగులు వస్తాయి. ఎక్కువైతే దడ, చెమట, కంగారు వస్తాయి. వాడుతున్న మందుల పేర్లన్నీ చెప్పండి. ఛాతీ నొప్పిని మాత్రం "టెన్షనే" అని మీకు మీరే తేల్చేయకండి, ముఖ్యంగా వయసు పైబడ్డవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు.

ఇక్కడ జరిగే తప్పు: అన్నీ నార్మల్ వచ్చాయి కాబట్టి "నాకేం లేదు" అనుకుని ఆగిపోవడం. రిపోర్టులు ఫైల్లో పెట్టుకుని తర్వాతి అడుగు వేయండి.

3. ఒక కాగితం రాసుకోండి

నా లెక్కలో థెరపీ మొదలయ్యేది ఇక్కడే. మొదటి సెషన్‌లో గంట కూడా ఉండదు. అందులో సగం ఏడుపుతో, మిగతా సగం "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదండీ"తో అయిపోతుంది. కాగితం ఉంటే ఆ సమయం మిగులుతుంది.

ముందు రెండు ప్రశ్నావళులు నింపండి. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి జీఏడీ-7. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉందో ప్రతి ప్రశ్నకూ 0 నుంచి 3 దాకా వేసి కూడండి. మొదటిదానికి మొత్తం 27, రెండోదానికి 21. ఏదైనా 10కి చేరితే వాయిదా వేయకుండా ఎవరినైనా కలవాలి. పీహెచ్‌క్యూలో 20కి చేరితే ముందు సైకియాట్రిస్ట్ (మందులు రాసే మానసిక వైద్యులు) దగ్గరికి వెళ్లండి. పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకుండా ఏది పడినా ఆ సంగతి అందరికంటే ముందు డాక్టర్‌కో థెరపిస్ట్‌కో చెప్పాలి. ఈ అంకెలతో జబ్బు నిర్ధారణ కాదు. రేపు తేడా తెలుసుకోవడానికి ఇవాళ్టి కొలత అనుకోండి. తేదీ వేసి దాచుకోండి.

తర్వాత మీ మాటల్లో రాయండి. "నాకు యాంగ్జయిటీ" అని రాస్తే అది పేరు మాత్రమే, ఎదుటివాళ్లకు ఏమీ తెలియదు. నా కాగితంలో ఉన్నది ఇలా ఉంది:

"ఆదివారం సాయంత్రం ఐదు దాటితే కడుపులో తిప్పినట్టుంటుంది. రాత్రి రెండున్నరకు మెలకువ, మళ్లీ నిద్ర రాదు. స్నానం చేయాలంటే కొండ ఎక్కినట్టుంది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తను, తర్వాత ఎత్తలేదని బాధ. మూడు నెలలుగా ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు."

ఈ కాగితంలో ఉండాల్సినవి:

☐ ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ ఎక్కువ
☐ దీనివల్ల ఏ పనులు ఆగిపోయాయి
☐ నిద్ర, ఆకలి, బరువులో తేడా. ఆడవాళ్లయితే నెలసరికీ, కాన్పుకీ ఏమైనా సంబంధం ఉందా
☐ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు, ఆత్మహత్య
☐ మద్యం, సిగరెట్, నిద్రమాత్రలు: ఉన్నది ఉన్నట్టు
☐ ఎప్పుడైనా దీనికి తలకిందులుగా, నాలుగైదు రోజులు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, విచ్చలవిడి ఖర్చు ఉన్నాయా
☐ గతంలో ఆత్మహత్యా ప్రయత్నం

హుషారు గురించిన ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. అది బైపోలార్‌కి, అంటే హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బుకి గుర్తు కావచ్చు, దానికి చికిత్స వేరు. ఇక చివరిదాన్ని పోలీసు కేసు భయంతో దాచేవాళ్లున్నారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. చెప్పండి.

4. ఎవరు ఏం చేస్తారో తెలుసుకోండి

సైకియాట్రిస్ట్: ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టర్. మందులు రాస్తారు. రద్దీ వల్ల చాలాచోట్ల పది, పదిహేను నిమిషాలే ఇవ్వగలరు.

క్లినికల్ సైకాలజిస్ట్: సాధారణంగా క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో నమోదైనవాళ్లు. పరీక్షలు, థెరపీ చేస్తారు. మందులు రాయరు. రాస్తే లేచి వచ్చేయండి.

కౌన్సెలర్, కౌన్సెలింగ్ సైకాలజిస్ట్: సైకాలజీలో పీజీ చేసినవాళ్లలో మంచివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ రెండు వారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లూ ఇదే బోర్డు పెట్టుకుంటారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పని నేర్చుకున్నారు అని అడగాల్సిందే.

క్లినికల్ సైకాలజిస్ట్ అన్నవాళ్లను ఆర్‌సీఐ నంబరు అడగండి. ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు సరిచూసుకోవచ్చు. అడిగితే నొచ్చుకుంటారేమో అని మొహమాటపడకండి. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూడమూ?

మందులా, థెరపీయా అని వాదించుకుంటూ నెలలు గడిపేస్తారు కొందరు. తీవ్రత తక్కువగా ఉంటే థెరపీతోనే మొదలుపెట్టొచ్చు. మంచం దిగలేని స్థితిలో ఉంటే ముందు మందు. చాలామందికి రెండూ కలిపితేనే మేలు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. బాగుందని సొంతంగా ఆపేయకండి. మింగిన అరగంటకే హాయినిచ్చే ఆల్ప్రాజోలామ్ లాంటి మాత్రలు వేరే జాతి, అవి అలవాటు పడతాయి. పాత చీటీ చూపించి మందుల షాపులో తెచ్చుకోవడం ప్రమాదం. ఇప్పటికే రోజూ వాడుతుంటే ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

5. ఎక్కడ, ఎంత ఖర్చు?

ప్రభుత్వం వైపు హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరును సినిమా జోకులు పాడుచేశాయి గానీ, ఓపీ లైన్లో నిలబడేది నిద్ర పట్టని ఆటో డ్రైవర్లు, పరీక్షల భయంతో ఉన్న పిల్లలు, వాళ్ల అమ్మలు. పొద్దున్నే వెళ్లండి, ఆధార్, పాత చీటీలు పట్టుకెళ్లండి. డాక్టర్‌ని చూశాక "ఇక్కడ సైకాలజిస్ట్ దగ్గర థెరపీ ఉంటుందా?" అని మీరే అడగాలి. అడగకపోతే మందుల చీటీతో ఇంటికొచ్చేస్తారు.

ప్రైవేటులో ఊరిని బట్టి, అనుభవాన్ని బట్టి సెషన్‌కు ఎనిమిది వందల నుంచి రెండున్నర వేల దాకా, పెద్ద నగరాల్లో ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. మొదలుపెట్టే ముందే ఎనిమిది సెషన్ల డబ్బు లెక్కేసుకోండి. రెండు సెషన్లకు సరిపడా డబ్బుతో ఖరీదైన చోట మొదలుపెట్టడం కంటే, ఎనిమిది సెషన్లు భరించగలిగిన చోటికి వెళ్లడం మేలు. ఫీజు తగ్గించగలరా అని అడగొచ్చు, కొందరు తగ్గిస్తారు.

ఉద్యోగం చేస్తుంటే మీ కంపెనీలో ఉచిత కౌన్సెలింగ్ ఉందేమో చూడండి, ఐటీ వాళ్లలో చాలామందికి ఆ సదుపాయం ఉన్నట్టే తెలియదు. బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మానసిక జబ్బుకూ శారీరక జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టం ఉన్నా, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారంవారం థెరపీ ఓపీ కిందికి వస్తుంది.

అమెరికాలో చదువుకునే పిల్లలు ముందు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లాలి. అత్యవసరమైతే 988. అక్కడ థెరపిస్టుల లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది కాబట్టి మీరుండే రాష్ట్రంలో లైసెన్సు ఉందా అని అడగండి. తెలుగులో మాట్లాడాలని ఇక్కడి థెరపిస్ట్‌తో వీడియో కాల్ పెట్టుకునేవాళ్లున్నారు. అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే వాళ్లు అక్కడికి మనిషిని పంపలేరు, అది గుర్తుంచుకోండి.

6. ఫోన్‌లో అడగాల్సినవి

ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయండి. కాల్ చేయడమే కష్టంగా ఉంటే ఈ వాట్సాప్ మెసేజ్ పంపండి:

"నమస్తే అండీ. నాకు కొన్ని నెలలుగా దిగులు, ఆందోళన ఉన్నాయి. వ్యక్తిగత థెరపీ కోసం చూస్తున్నాను. తెలుగులో మాట్లాడతారా? ఫీజు ఎంత, సెషన్ ఎంతసేపు, దగ్గర్లో ఏ రోజు ఖాళీ ఉంది?"

జవాబు వచ్చాక ఇవి అడగండి:

☐ చదువు, నమోదు నంబరు
☐ డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లతో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, ఏ పద్ధతిలో
☐ రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, ఫీజు పోతుందా
☐ అవసరమైతే ఏ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు

భాష ప్రశ్న మాటవరసకు పెట్టింది కాదు. నేను మొదటి థెరపిస్ట్‌తో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాను. వాక్యాలు చక్కగా వచ్చేవి, ఆఫీసు ప్రెజెంటేషన్ ఇస్తున్నట్టు. "నాన్న ఉన్నంతకాలం ఇంట్లో నోరెత్తి ఎరుగం" అన్న ముక్క రెండో థెరపిస్ట్ దగ్గర తెలుగులో వచ్చింది. ఆరోజే మొదటిసారి ఏడ్చాను. మీకు కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాష వచ్చిన మనిషిని వెతకండి.

7. ఇంటి సంగతి, చోటు సంగతి

ఇంట్లో అందరికీ చెప్పాల్సిన పనిలేదు, ఒక్కరికి చెబితే చాలు. "పిచ్చా నీకు?" అనే అవకాశం ఉన్నవాళ్లతో మొదలుపెట్టకండి. "నిద్ర పట్టట్లేదు, దానికి డాక్టర్‌ని చూస్తున్నా" అన్నా అబద్ధం కాదు.

ఆన్‌లైన్ సెషన్ అయితే చోటు ముందే చూసుకోండి. హాల్లో టీవీ, పక్కగదిలో అత్తగారు ఉంటే ఎవరూ మనసు విప్పలేరు. నా స్నేహితురాలు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆపి ఉన్న కారులో కూర్చుని పద్నాలుగు సెషన్లు చేసింది. ఇయర్‌ఫోన్లు, చార్జర్, మంచినీళ్లు, చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. సెషన్ అయ్యాక అరగంట ఖాళీ ఉంచుకోండి. కళ్లు తుడుచుకుని వెంటనే మీటింగ్‌లో కూర్చోవడం నరకం.

8. మొదటి సెషన్

సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు. ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి: కుటుంబం, చదువు, పెళ్లి, నిద్ర, చావు ఆలోచనలు. మీ కాగితం చేతికివ్వండి, లేదా చదవండి. ఏడుపొస్తే ఆపుకోకండి, అక్కడ టిష్యూ డబ్బా ఉండేది అందుకే.

గోప్యత గురించి మొదటి పది నిమిషాల్లోనే అడగండి. పైన చెప్పిన చట్టంలోనే 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా చెబుతుంది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ఏం చెబుతారు, ఏం చెప్పరు అన్నది ముందే తేల్చుకోవాలి.

మొదటి రోజే అన్నీ చెప్పేయాలని లేదు. "దీని గురించి ఇంకోసారి మాట్లాడతాను" అనొచ్చు. ఇంటికొచ్చాక ఇంకా బరువుగా అనిపిస్తే కంగారుపడకండి, చాలామందికి ఆ సాయంత్రం అలాగే ఉంటుంది.

9. రెండో సెషన్ నుంచి: లక్ష్యం, ఇంటిపని

"సంతోషంగా ఉండాలి" అనే లక్ష్యంతో థెరపిస్ట్ ఏమీ చేయలేరు. "వారంలో నాలుగు రోజులు ఎనిమిదింటికి స్నానం చేసి ఉండాలి", "మేనేజర్‌తో పది నిమిషాలు మాట్లాడగలగాలి" అంటే కొలవొచ్చు. రెండు మూడు చాలు.

డిప్రెషన్, ఆందోళనలకు ఎక్కువగా వాడే పద్ధతి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, చేతలను మార్చుకునే పద్ధతి. అందరూ సీబీటీ అంటారు. ఇందులో ఇంటిపని ఉంటుంది. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ:

• సందర్భం: సోమవారం 10:20. "ఫ్రీ అయ్యాక కాల్ చెయ్" అని మేనేజర్ మెసేజ్.
• వచ్చిన ఆలోచన: ఉద్యోగం పీకేస్తారు. నమ్మకం నూటికి 90.
• ఒంట్లో: అరచేతుల్లో చెమట, గొంతు ఎండిపోవడం.
• అవుననడానికి ఆధారం: పోయిన నెల ఒక తప్పు దొర్లింది.
• కాదనడానికి ఆధారం: ఇలాంటి మెసేజ్ ఈ నెలలో ఆరుసార్లు వచ్చింది, ఆరుసార్లూ మామూలు పనే.
• ఇప్పుడు నమ్మకం: 40.
• జరిగింది: సెలవుల పట్టిక అడిగారు.

90 సున్నాకు పడలేదు, చూశారుగా. 40కి దిగితే కాల్ చేయగలిగాను, అది చాలు.

దిగులు ఎక్కువగా ఉన్నవాళ్లకు చేతల నుంచి మొదలుపెడతారు. మూడ్ వచ్చాక నడుద్దాం అనుకోకుండా, పొద్దున్న ఏడింటికి చెప్పులేసుకుని వీధి చివరి దాకా వెళ్లి రావడం. వెళ్లే ముందు మూడ్‌కు పదికి ఎంతో, వచ్చాక ఎంతో రాయాలి. రెండు వారాల అంకెలు చూస్తే ఏ పని మీకు పనిచేస్తుందో తెలుస్తుంది.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

"ఆయన సలహాలే ఇవ్వట్లేదు" అని మానేయడం. సలహాలు మన చుట్టాలు ఉచితంగానే ఇస్తారు. థెరపిస్ట్ అడిగే ప్రశ్నలు ఎందుకు అడుగుతున్నారో అర్థం కాకపోతే అదే అడగండి: "ఇది నాకు ఎలా ఉపయోగపడుతుందండీ?"

మూడో సెషన్ దగ్గర ఆపేయడం. నేను చేసిన తప్పు ఇదే. కాస్త తేలికపడగానే డబ్బు దండగ అనిపించింది, నెలన్నరకు మళ్లీ మొదటికే వచ్చాను. ఆపాలనిపిస్తే ఫోన్ ఎత్తకుండా ఉండిపోకండి. ఇంకొక్క సెషన్‌కు వెళ్లి ఆ మాట వాళ్లతోనే అనండి.

ఇంటిపని చేయలేదని సెషన్ ఎగ్గొట్టడం. వెళ్లండి. ఎందుకు చేయలేకపోయారన్నదే ఆరోజు మాట్లాడాల్సిన విషయం.

మంచి పేషెంట్‌గా నటించడం. "బాగానే ఉన్నానండీ" అనేది మనకు నోటి అలవాటు. లోపలికెళ్లే ముందు ఆ వారానికి మూడ్ పదికి ఎంతో ఫోన్‌లో రాసుకుని, ఆ అంకె చెప్పండి.

సెషన్‌లో జరిగిందంతా ఇంటికొచ్చి నలుగురితో చర్చించడం. ఆ నలుగురి తీర్పులూ వచ్చే వారం మీతోపాటు గదిలో కూర్చుంటాయి.

11. థెరపిస్ట్‌ను ఎప్పుడు మార్చాలి?

మూడు నాలుగు సెషన్లయినా మాట పెగలకపోతే ఒకసారి వాళ్లకే చెప్పి చూడండి, ఆపైన మార్చుకోండి. కింది వాటిలో ఏది జరిగినా అన్నాళ్లు ఆగక్కర్లేదు:

☐ "పెళ్లి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి", "మీ కులంలో ఇవన్నీ మామూలేగా" లాంటి తీర్పులు
☐ మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లతో మీ విషయాలు చెప్పడం
☐ సెషన్‌లో తన ఫోన్ మాట్లాడుకోవడం, తన కష్టాలు చెప్పుకోవడం
☐ ఇన్ని రోజుల్లో నయమని హామీ, ముందే పెద్ద ప్యాకేజీ కట్టించుకోవడం
☐ సైకియాట్రిస్ట్ ఇచ్చిన మందులు మానేయమనడం
☐ శరీరాన్ని తాకడం, వ్యక్తిగత సంబంధం వైపు మాట తిప్పడం. ఇది ఫిర్యాదు చేయాల్సిన తప్పు

కొత్త వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పాత కాగితం, అంకెలు, నోట్‌బుక్ పట్టుకెళ్లండి. సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

12. ఎనిమిదో సెషన్ దగ్గర లెక్క చూసుకోండి

రెండు ప్రశ్నావళులూ మళ్లీ నింపండి. పీహెచ్‌క్యూలో 5 అంకెలు తగ్గినా అది చెప్పుకోదగ్గ తేడాయే. ఏమీ తగ్గకపోతే థెరపిస్ట్‌తో మూడు సంగతులు మాట్లాడాలి: పద్ధతి మార్చాలా, సైకియాట్రిస్ట్‌ని కలవాలా, చెప్పకుండా దాచింది ఏమైనా ఉందా. సీబీటీ చాలామందికి 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. ఎనిమిదికే అంతా అయిపోవాలని లేదు.

తగ్గుతుంటే ఒక్కసారిగా ఆపకండి. వారానికోసారిని పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి చేయమని అడగండి. ఆఖరి సెషన్లలో ఒక పేజీ రాసుకోండి: మళ్లీ మొదలవుతోందని చెప్పే తొలి గుర్తులు మూడు, అప్పుడు చేయాల్సిన పనులు మూడు, ఫోన్ చేయాల్సిన మనిషి పేరు. నా పేజీలో మొదటి గుర్తు "అమ్మ ఫోన్ వరసగా రెండుసార్లు ఎత్తకపోవడం". ఆ పేజీ బీరువా తలుపుకు లోపలివైపు అతికించి ఉంది.